పెద్దవాళ్ల గురక: ఇంట్లో ఏం చేయాలి, ఏ వరసలో చేయాలి

గురక తగ్గించుకుందామనుకున్న ఇంట్లో మొదట జరిగేది కొనుగోలు. ముక్కుకు తగిలించే అయస్కాంతం క్లిప్పో, గడ్డానికి బిగించే పట్టీయో ఆన్‌లైన్‌లో వచ్చేస్తుంది. వారం తిరక్కుండా అది సొరుగులోకి చేరుతుంది, గురక మాత్రం మంచం మీదే ఉంటుంది.

అరవై దాటినవాళ్ల గురకకు వరస వేరు. ముందు వాళ్లు వేసుకునే మాత్రలు చూడాలి. తర్వాత ముక్కు, ఆ తర్వాత మంచం. ఈ మూడింటికీ పెద్ద ఖర్చు లేదు. తిండి, వ్యాయామాలు, పరికరాలు వాటి తర్వాతే. అయితే అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది: అది ఒట్టి గురకేనా, మధ్యలో ఊపిరి ఆగుతోందా? మీ నాన్నగారి కోసం చదువుతున్నా, అత్తగారి కోసమైనా, మీ కోసమే అయినా ఈ వరస తప్పకండి.

వయసు మీద పడితే గురక ఎందుకు పెరుగుతుంది

నిద్రలో ఒళ్లంతా వదులైనట్టే గొంతు కండరాలూ వదులవుతాయి. అంగిలి వెనకుండే మెత్తటి భాగం, దాని చివర వేలాడే కొండనాలుక, నాలుక మొదలు, గొంతు గోడలు దగ్గరకు జరుగుతాయి. దారి ఇరుకైనకొద్దీ గాలి వేగం పెరిగి ఆ మెత్తటి భాగాలు అదురుతాయి. మనకు వినపడేది ఆ అదురే. వయసుతో కండరాల పట్టు ఇంకా సడలుతుంది. మెడ చుట్టూ కొవ్వు చేరితే దారి బయటి నుంచి కూడా నొక్కుకుపోతుంది. ముక్కు కొన కాస్త కిందికి వాలి ముక్కు రంధ్రాలు కూడా ఇరుకవుతాయి.

ఆడవాళ్ల సంగతి విడిగా చెప్పాలి. నెలసరి ఆగిపోయాక గొంతు కండరాలను బిగువుగా ఉంచడంలో సాయపడే హార్మోన్లు తగ్గిపోతాయి. నలభైల్లో చప్పుడు లేకుండా నిద్రపోయిన అమ్మ అరవైల్లో గురక మొదలుపెట్టడానికి అదొక కారణం. ఆమె దాన్ని ఒప్పుకోదు, ఇంట్లోవాళ్లు డాక్టరు దగ్గర ఎత్తరు. మగవాడి గురక మీద ఇంటిల్లిపాదీ జోకులేస్తారు, ఆడవాళ్ల గురక దగ్గరికొచ్చేసరికి సిగ్గు అడ్డం పడుతుంది. ఆ సిగ్గు వల్ల కూడా స్త్రీలలో స్లీప్ అప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే జబ్బు, చాలాసార్లు ఆలస్యంగా బయటపడుతుంది. థైరాయిడ్ తక్కువగా ఉన్నా గురక రావచ్చు కాబట్టి, కొత్తగా గురక మొదలైన పెద్దావిడకు ఒకసారి టీఎస్‌హెచ్ పరీక్ష చేయించడం మంచిది.

మొదటి మెట్టు: వారం రోజులు ఏమీ మార్చకుండా వినండి

గురక పెట్టేవాళ్లకు తమ గురక తెలీదు. అందుకే ఈ మెట్టు మిగతావాళ్లది. పక్కన పడుకునేవాళ్లు గానీ, ఎవరూ లేకపోతే తలగడ దగ్గర పెట్టిన ఫోను గానీ ఈ పని చేయాలి. గురకను రికార్డు చేసే యాప్‌లు ఉన్నాయి, మామూలు వాయిస్ రికార్డర్ అయినా సరిపోతుంది. పెద్దవాళ్లకు ముందే చెప్పి రికార్డు చేయండి. తెలీకుండా తీసి మర్నాడు నలుగురిలో వినిపిస్తే, ఆ తర్వాత వాళ్లు ఏ మెట్టుకూ సహకరించరు.

ఒక పాత డైరీలో రోజూ నాలుగు ముక్కలు రాయండి. రాత్రి ఎన్నింటికి తిన్నారు, వెల్లకిలా పడుకున్నారా పక్కకా, ముక్కు మూసుకుపోయిందా, రాత్రి ఎన్నిసార్లు మూత్రానికి లేచారు. పక్కన గురక తీవ్రతకు సున్నా నుంచి 10 దాకా ఒక అంకె వేయండి. వేసేది ప్రతిసారీ ఒకే మనిషి కావాలి. తర్వాత ఏ చిట్కా పనిచేసిందో చెప్పగలిగేది ఈ డైరీయే. అన్నీ ఒకేసారి మార్చేస్తే ఏది ఉపయోగపడిందో ఎవరికీ తెలీదు, నెల తర్వాత అన్నీ కలిపి మానేస్తారు.

ఆ వారంలో చెవి పెట్టాల్సింది చప్పుడు పెద్దగా ఉందా అని కాదు, మధ్యలో నిశ్శబ్దం వస్తోందా అని. గురక సాగుతూ సాగుతూ ఠక్కున ఆగి, పది సెకన్లో ఇరవై సెకన్లో ఏమీ వినపడక, ఉక్కిరిబిక్కిరై గట్టిగా ఊపిరి లాగి మళ్లీ మొదలైతే, అది అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ అప్నియా లక్షణం. గొంతు దారి పూర్తిగా మూసుకుపోయి గాలి ఆడకపోవడం అన్నమాట. ఛాతీ లేస్తూ పడుతూ ఉన్నా ముక్కులోంచి గాలి రాదు.

వడపోత: ఈ ప్రశ్నలు దాటవేయకండి

మత్తు డాక్టర్లు, నిద్ర నిపుణులు వాడే స్టాప్-బ్యాంగ్ అనే చిన్న ప్రశ్నావళి ఉంది. ఎనిమిది ప్రశ్నలు. మూసిన తలుపు అవతలికి వినపడేంత గురకా? పగలు అలసట, నిద్రమత్తు ఉన్నాయా? నిద్రలో ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా? బీపీ ఉందా? బీఎంఐ, అంటే ఎత్తుకు బరువు ఎంతుందో చెప్పే లెక్క, 35 దాటిందా? వయసు 50 దాటిందా? మెడ చుట్టుకొలత మగవాళ్లకు 17, ఆడవాళ్లకు 16 అంగుళాలు లేదా అంతకు మించి ఉందా? మగవాళ్లా? మూడు నాలుగింటికి ‘అవును’ వస్తే మధ్యస్థంగా, ఐదు లేదా అంతకు మించి వస్తే గట్టిగా అనుమానించాలి. మన పెద్దవాళ్లలో వయసు, బీపీ అనే రెండు మార్కులు చాలామందికి ముందే పడి ఉంటాయి. మెడ సన్నగా ఉందని నిశ్చింతగా ఉండటానికీ లేదు, బక్కపలచటి మనుషుల్లోనూ అప్నియా ఉంటుంది.

ఇంకో గుర్తు మన ఇళ్లలో ఎప్పుడూ వేరే ఖాతాలో పడుతుంది. రాత్రి మూడు నాలుగుసార్లు మూత్రానికి లేవడాన్ని ప్రోస్టేట్ మీదకో షుగరు మీదకో నెట్టేస్తాం. ఊపిరి ఆగినప్పుడల్లా గుండె మీద ఒత్తిడి పెరిగి, మూత్రం ఎక్కువగా తయారు చేయమనే హార్మోను విడుదలవుతుంది. గురక, రాత్రి మూత్రం రెండూ ఉంటే డాక్టరుతో రెండూ కలిపి చెప్పండి. పొద్దున లేస్తూనే తలనొప్పి, నోరెండిపోవడం, రెండు మూడు మాత్రలు వాడుతున్నా అదుపులోకి రాని బీపీ, గుండె లయ తప్పడం, పేపరు చదువుతూనే తూగడం, ఈ మధ్యే పెరిగిన మతిమరుపు కూడా ఇదే జాబితాలోవి.

కరోనా కాలంలో కొన్న పల్స్ ఆక్సిమీటరు బయటికి తీసి, పగలు వేలికి పెట్టి 98 చూపించిందని సంతోషపడటం మాత్రం వద్దు. మెలకువలో అంకె బాగానే ఉంటుంది. ఆక్సిజన్ పడిపోయేది ఊపిరి ఆగిన ఆ కాసేపట్లో. రాత్రంతా నమోదు చేసే పరికరంతో తప్ప అది దొరకదు.

ఈ గుర్తులు ఉంటే కింది మెట్లు మానక్కర్లేదు, కానీ డాక్టరు దగ్గరకు వెళ్లడం వాటితోపాటే జరగాలి. గురక చప్పుడు తగ్గింది గదా అని ఊపిరి ఆగడం కూడా తగ్గిందనుకోవడం ప్రమాదం.

రెండో మెట్టు: మాత్రల డబ్బా, మందు సీసా

పెద్దవాళ్ల మాత్రలన్నీ మంచం మీద పరవండి. నాలుగు రకాలు వెతకాలి. నిద్రకూ ఆందోళనకూ ఇచ్చే ఆల్ప్రజోలం, క్లోనజెపామ్, లోరజెపామ్, డయజెపామ్ వంటివి ఒక రకం. ఇవి గొంతు కండరాలను ఇంకా వదులు చేస్తాయి. ఎప్పుడో భర్త పోయినప్పుడో, ఆపరేషన్ అయినప్పుడో నెలకని రాసిచ్చిన మాత్ర ఏళ్ల తరబడి నడుస్తూ ఉంటుంది, పాత చీటీ చూపించి తెచ్చుకుంటూనే ఉంటారు. రెండో రకం ట్రమడాల్ లాంటి గట్టి నొప్పి మాత్రలు, ఇవి ఊపిరి వేగాన్నే తగ్గిస్తాయి. మూడోది షుగరు వల్ల వచ్చే కాళ్ల మంటలకు వాడే ప్రీగాబాలిన్, గాబాపెంటిన్. నాలుగోది మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే జలుబు మాత్రలు. వాటిలో చాలావాటిలో క్లోర్‌ఫెనిరమిన్ ఉంటుంది, మత్తు తెస్తుంది, పెద్దవాళ్లకు మంచిది కాదు.

ఇవి దొరికితే మీరుగా ఆపేయకండి. ముఖ్యంగా మొదటి రకాన్ని ఉన్నపళంగా మానేస్తే నిద్ర పూర్తిగా చెడుతుంది, వణుకు, ఫిట్స్ కూడా రావచ్చు. జాబితా రాసుకుని డాక్టరు దగ్గరకు వెళ్లి, ‘గురక ఎక్కువగా ఉంది, వీటిలో ఏది తగ్గించవచ్చు?’ అని అడగండి. వారాల మీద కొద్దికొద్దిగా తగ్గించే పద్ధతి వాళ్లే చెబుతారు.

మద్యం సంగతికి లెక్చరు అక్కర్లేదు. కల్లయినా, విస్కీ అయినా, పడుకునే ముందు మూడు నాలుగు గంటల్లో తాగితే గొంతు సడలుతుంది. ‘ఒక్క పెగ్గు వేస్తే హాయిగా నిద్రపడుతుంది’ అనే తాతగారి గురక ఆ రాత్రి డైరీలో ఎంతకెళ్లిందో మర్నాడు ఆయనకే చూపించండి. చెప్పి ఒప్పించడం కంటే అంకె చూపించడం తేలిక. చుట్ట, బీడీ, సిగరెట్ గొంతు లోపలి పొరను వాచేలా చేస్తాయి. ముక్కుపొడుం పీల్చే అలవాటున్న పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. రోజూ ముక్కు పొరను రేపి పెడుతూ, ముక్కు దిబ్బడకు మందు అడగడంలో అర్థం లేదు.

మూడో మెట్టు: ముక్కు

అద్దం ముందు కూర్చోబెట్టి ఒక పక్క ముక్కు మూసి, రెండో పక్కతో పీల్చమనండి. తర్వాత అటు. ఒక వైపు అస్సలు ఆడకపోతే లోపలి ఎముక వంకరో, పాలిప్ లాంటి కండ పెరుగుదలో ఉండవచ్చు. చెవి-ముక్కు-గొంతు డాక్టరు చూడాలి. ఒక వైపే మూసుకుపోయి రక్తం కూడా వస్తుంటే ఆలస్యం చేయకూడదు.

రెండో పరీక్ష: ముక్కు పక్కన చెంప మీద రెండు వేళ్లు పెట్టి చెవి వైపు కొద్దిగా లాగి పీల్చమనండి. తర్వాత ముక్కు కొనను వేలితో కాస్త పైకెత్తి పీల్చమనండి. ఈ రెండిట్లో దేనికైనా ‘ఆహా, గాలి బాగా ఆడింది’ అంటే, ముక్కు మీద అంటించే పట్టీ, అంటే నేసల్ స్ట్రిప్, వాళ్లకు పనిచేసే అవకాశం ఉంది. తేడా లేదంటే డబ్బు దండగ. పెద్దవాళ్ల చర్మం పలచనిది కాబట్టి పొద్దున పట్టీని లాగి పీకకుండా గోరువెచ్చటి నీళ్లతో తడిపి తీయాలి.

దిబ్బడ ఉంటే ఉప్పునీటితో ముక్కు కడగడం మంచి పద్ధతి. జలనేతి పేరుతో యోగా చేసేవాళ్లకు తెలిసిందే. పావు లీటరు నీటికి అర టీస్పూను మెత్తటి ఉప్పు. నీళ్లు మాత్రం కాచి చల్లార్చినవే కావాలి. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు నేరుగా వాడకూడదు. అరుదుగానైనా, మెదడుకు ప్రాణాంతకమైన ఇన్ఫెక్షన్ తెచ్చే అమీబా ముక్కు దారిలోనే లోపలికి వెళుతుంది. సింకు ముందు కొంచెం వంగి, తల పక్కకు వాల్చి, నోటితో ఊపిరి తీస్తూ పై ముక్కు రంధ్రంలోంచి పోస్తే కింది రంధ్రంలోంచి వచ్చేస్తుంది. పడుకోవడానికి గంట ముందు చేస్తే లోపల మిగిలిన నీళ్లు కారిపోవడానికి సమయం ఉంటుంది. మింగడంలో ఇబ్బంది ఉన్నవాళ్లకు, పక్షవాతం వచ్చినవాళ్లకు ఇది వద్దు. వాళ్లకు సెలైన్ స్ప్రే చాలు.

దిబ్బడ తీసే చుక్కల మందుల సంగతి వేరు. జైలోమెటజోలిన్, ఆక్సిమెటజోలిన్ ఉన్న చుక్కలు మూడు నాలుగు రోజులు దాటి వాడితే ముక్కు వాటికి బానిసవుతుంది. మానగానే రెట్టింపు మూసుకుపోతుంది. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లకు డాక్టరు చెప్పకుండా అసలు వద్దు. అలర్జీ ఉంటే డాక్టరు రాసే స్టెరాయిడ్ స్ప్రే బాగా పనిచేస్తుంది గానీ రోజూ వాడాలి, గుణం తెలియడానికి వారం రెండు వారాలు పడుతుంది. ఎడమ ముక్కుకు కుడి చేత్తో, కుడి ముక్కుకు ఎడమ చేత్తో కొట్టుకుంటే మందు మధ్య గోడకు కాకుండా బయటి గోడకు తగులుతుంది. రక్తం కారడం తగ్గుతుంది. కంట్లో ఒత్తిడి పెరిగే గ్లకోమా ఉంటే ముందే చెప్పాలి.

ఇక గది. పడకగదిలో దోమల కాయిల్, సాయంత్రం సాంబ్రాణి, అగరొత్తులు, అన్నీ కలిసి ముక్కును రాత్రంతా రేపుతూ ఉంటాయి. దోమతెర కట్టి కాయిల్ తీసేయండి. ఏళ్లనాటి దూది దిండ్లు దుమ్ము పురుగులకు నిలయం. పాతవి మార్చేయండి, గలీబులు వారానికోసారి వేడి నీళ్లలో ఉతకండి, ఫ్యాను రెక్కలు తడిబట్టతో తుడవండి.

నాలుగో మెట్టు: మంచం, దిండు, పక్క

చాలా ఇళ్లలో తేడా తెలిసేది ఇక్కడే. వెల్లకిలా పడుకుంటే నాలుక మొదలు బరువుకు వెనక్కి జారి గొంతుకు అడ్డం పడుతుంది. స్లీప్ అప్నియా ఉన్నవాళ్లలో కూడా సగం మందికి పైగా వెల్లకిలా ఉన్నప్పుడే ఇబ్బంది ఎక్కువ. డైరీలో వెల్లకిలా పడుకున్న రాత్రులకు ఎనిమిది, పక్కకు పడుకున్న రాత్రులకు నాలుగు కనిపిస్తే, మీ అదృష్టం బాగుంది.

మొదట మంచం చూడండి. వదులైన నవారు మంచమో నులక మంచమో అయితే మనిషి ఉయ్యాలలో ఉన్నట్టు మధ్యలోకి జారిపోతాడు, పక్కకు తిరిగినా మళ్లీ వెల్లకిలా వచ్చేస్తాడు. నవారు బిగించండి, లేదా గట్టి పరుపున్న చెక్క మంచం మీదకు మార్చండి. గుంట పడ్డ పరుపుకూ ఇదే మాట. పడక కుర్చీలో నిద్రపోయే తాతగారి తల ముందుకు వాలి గడ్డం ఛాతీకి ఆనుతుంటే, గొంతు దారి అక్కడ ఇంకా నొక్కుకుపోతుంది.

దిండ్లలో జరిగే పొరపాటూ అదే. గురకకు తల ఎత్తులో ఉండాలని రెండు దిండ్లు వేస్తారు. మెడ ముందుకు మడతపడి గడ్డం ఛాతీని తాకుతుంది. ఎత్తాల్సింది తలను కాదు, నడుము పై నుంచి ఒంటినంతటినీ. తల వైపు మంచం కోళ్ల కింద నాలుగు నుంచి ఆరు అంగుళాల ఎత్తున్న చెక్క దిమ్మలు పెట్టండి, కోడు జారకుండా దిమ్మ మీద గుంట తొలిపించండి. విడి ఇటుకలు పెడితే పెద్దవాళ్లు లేచేటప్పుడు మంచం కదిలి పడే ప్రమాదం ఉంది. మంచం ఎత్తడం కుదరకపోతే వాలుగా ఉండే వెడ్జ్ దిండు నడుము దగ్గర నుంచి వచ్చేలా వాడొచ్చు. రాత్రి పుల్లటి తేన్పులు, గుండెల్లో మంట ఉన్నవాళ్లకు ఈ ఎత్తు రెండు విధాల మేలు.

పక్కకు పడుకోబెట్టడానికి బనియను వెనక వీపు మధ్యలో జేబు కుట్టి టెన్నిస్ బంతి పెట్టే పాత పద్ధతి ఉంది. వయసులో ఉన్నవాళ్లకు సరే. ఎనభై ఏళ్ల మనిషి వీపుకు, ఎముకలు పలచబడ్డ వెన్నుకు అది బాధ. వాళ్లకు పొడవాటి గుండ్రటి దిండు ఒకటి వీపు వెనక, ఒకటి కౌగిలించుకోవడానికి, చిన్నది మోకాళ్ల మధ్య పెట్టండి. భుజం నొప్పి ఉంటే నొప్పి లేని పక్కకే. గుండెల్లో మంట ఉంటే ఎడమ పక్క మేలు. తుంటి మార్పిడి ఆపరేషన్ అయితే ఏ పక్కకు తిరగాలో ఆ సర్జన్‌నే అడగాలి. మంచం అంచుకు పడుకోకుండా ఒక వైపు గోడకు ఆనించండి.

రెండు వారాలు చేసి డైరీ చూడండి.

ఐదో మెట్టు: రాత్రి తిండి, నడుము, కాళ్ల వాపు

సీరియల్ అయ్యాక తొమ్మిదిన్నరకు అన్నం తిని పదింటికి పడుకునే అలవాటు మార్చాలి. భోజనానికీ పడకకూ మధ్య మూడు గంటల ఎడం ఉంటే కడుపులో ఆమ్లం గొంతులోకి ఎగదన్నడం తగ్గుతుంది. ఆ ఆమ్లం తగిలితే గొంతు పొర వాస్తుంది. షుగరుకు ఇన్సులిన్ లేదా మాత్రలు వాడేవాళ్లు భోజనం వేళ మార్చే ముందు మందు వేళ కూడా డాక్టరుతో మాట్లాడుకోవాలి. పెరుగు మానేస్తే గురక తగ్గుతుందని చెప్పేవాళ్లుంటారు. అలా తగ్గుతుందనడానికి ఆధారం లేదు. పళ్లు లేని పెద్దవాళ్లకు తేలిగ్గా అందే ప్రొటీన్ అది, తీసేయకండి.

బరువు తగ్గితే గురక తగ్గుతుందన్నది నిజమే. అమెరికాలోని విస్కాన్సిన్‌లో నిద్ర మీద ఏళ్ల తరబడి సాగిన పరిశీలన ఫలితాలు 2000లో వచ్చాయి. బరువు 10 శాతం తగ్గినవాళ్లలో గంటకు ఊపిరి ఇరుకయ్యే సంఖ్య సుమారు 26 శాతం తగ్గింది. మన ఒంటి తీరుకు బరువు కంటే నడుము మీద కన్నేయడం మంచిది: మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే ఎక్కువే. కానీ డెబ్బై దాటినవాళ్లను పస్తులు పెడితే కొవ్వుతోపాటు కండ కూడా కరిగిపోతుంది, పడిపోవడం మొదలవుతుంది. అన్నం తగ్గించి పప్పు, గుడ్డు, చేప పెంచి, నెమ్మదిగా నెలల మీద తగ్గించాలి.

కాళ్ల వాపు గురించి ఎవరూ చెప్పరు. పగలంతా కూర్చుని ఉంటే నీరు కాళ్లలో చేరుతుంది. పడుకోగానే అందులో కొంత పైకి, మెడ దాకా జరిగి గొంతు దారిని ఇరుకు చేస్తుంది. సాయంత్రం అరగంట నడక, తర్వాత కాళ్లు ఎత్తులో పెట్టుకుని కాసేపు కూర్చోవడం వల్ల ఆ నీరు పడకకు ముందే మూత్రంగా పోయే వీలుంటుంది. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ వల్ల కూడా పాదాలు వాస్తాయి, అడిగి చూడండి. బిగుతు మేజోళ్లు వేసేముందు మాత్రం డాక్టరును అడగాలి. షుగరు వల్ల కాళ్లకు రక్తం సరిగా అందనివాళ్లకు అవి హాని చేస్తాయి. వాపుతోపాటు పడుకుంటే ఆయాసం వస్తుంటే ఇక్కడ ఆగి గుండె పరీక్ష చేయించాలి.

ఆరో మెట్టు: నాలుకకు, అంగిలికి కసరత్తు

ఇవి వింటే నవ్వొస్తుంది. కానీ ఇంటి పద్ధతుల్లో గట్టి పరీక్షకు నిలిచినవాటిలో ఇవి ముందుంటాయి. బ్రెజిల్‌లోని సావోపాలోలో 2009లో ఒక బృందం మధ్యస్థ అప్నియా ఉన్నవాళ్ల మీద, 2015లో ఒట్టి గురక గానీ, తేలికపాటి నుంచి మధ్యస్థ అప్నియా గానీ ఉన్నవాళ్ల మీద ఈ వ్యాయామాలను పరీక్షించింది. రెండో దానిలో మూడు నెలలకు గురకల సంఖ్య 36 శాతం, మొత్తం శబ్దం 59 శాతం తగ్గాయి. అలాగని అందరికీ అంతే తగ్గుతుందని కాదు. పళ్లున్నా లేకపోయినా చేయొచ్చు, ఖర్చు లేదు, ఏ మందుకూ అడ్డం రాదు.

కట్టుడు పళ్లు వదులుగా ఉంటే తీసేసి, కుర్చీలో నిటారుగా కూర్చుని చేయాలి.

మొదటిది: నాలుక కొనను పై ముందు పళ్ల వెనక, అంగిలికి ఆనించి, నొక్కుతూ వెనక్కి జరపండి. 20 సార్లు.

రెండోది: నాలుకనంతా పైకి లాగి అంగిలికి అతుక్కునేలా నొక్కి పట్టి వదలండి. ‘టక్’మని చప్పుడొస్తే పట్టు బాగుందన్నట్టు. 20 సార్లు.

మూడోది: నాలుక కొన కింది పళ్లకు తగిలి ఉండగానే నాలుక వెనక భాగాన్ని కిందికి నొక్కండి. 20 సార్లు. ఇది మొదట్లో చేతకాదు, వారానికి కుదురుతుంది.

నాలుగోది: నోరు తెరిచి అద్దంలో కొండనాలుకను చూస్తూ ‘ఆ’ అనండి. అది పైకి లేవాలి. ఆపి, మళ్లీ అనండి. 20 సార్లు. ఆవులింతలో అంగిలి ఎలా లేస్తుందో అలా లేపాలి.

ఐదోది: శుభ్రమైన వేలిని నోట్లో చెంప లోపల పెట్టి బయటికి నెట్టండి, చెంప కండరంతో వేలిని లోపలికి నొక్కండి. ఒక్కో వైపు 10 సార్లు.

మొత్తం ఎనిమిది నిమిషాలు. రోజుకు మూడుసార్లు. పళ్లు తోముకున్నాక, మధ్యాహ్నం భోజనానికి ముందు, సాయంత్రం టీ అయ్యాక అని వేళలు పెట్టుకుంటే మరిచిపోరు. వీటితోపాటు అన్నం రెండు దవడలతో మార్చి మార్చి నమలడం కూడా సాధనలో భాగమే. మూడు నెలలు ఆగకుండా చేయాలి, మొదటి నెలలో ఏమీ తెలియకపోవచ్చు. మనవలకు ఈ ‘వెక్కిరింతల క్లాసు’ భలే సరదా, వాళ్లను పక్కన కూర్చోబెడితే పెద్దవాళ్లు మానరు.

ఊది వాయించే వాద్యాల మీద కూడా పరిశోధన ఉంది. ఆస్ట్రేలియా ఆదివాసుల డిడ్జెరిడూ అనే పొడవాటి గొట్టంతో స్విట్జర్లాండ్‌లో చేసిన పరీక్ష 2006లో వచ్చింది. 2025లో జైపూర్‌లో 30 మంది అప్నియా రోగుల మీద శంఖం ఊదడాన్ని ఆరు నెలలు పరీక్షిస్తే పగటి నిద్రమత్తు, రాత్రి ఊపిరి ఆగడం రెండూ కొంత తగ్గాయి. చిన్న పరీక్షే. ఇంట్లో పూజకు శంఖం ఉన్నవాళ్లు రోజూ కాసేపు ఊదితే పోయేదేమీ లేదు. గ్లకోమా, హెర్నియా, అదుపులో లేని బీపీ, ఈ మధ్యే కంటి ఆపరేషన్ ఉన్నవాళ్లకు మాత్రం అంత బలంగా ఊదడం కుదరదు. వాళ్లు గొంతెత్తి భజనలు పాడుకోవచ్చు. పాటల సాధనతో గురక తగ్గిందని ఇంగ్లాండులోని ఎక్సెటర్‌లో చేసిన పరీక్ష చూపింది.

ఏడో మెట్టు: నోట్లో పెట్టేవి, మూసేవి

కింది దవడను ముందుకు లాగి ఉంచే తొడుగు మంచి పరికరమే, డెంటిస్టు కొలత తీసి చేసినదైతే. వేడి నీళ్లలో ముంచి కొరికే రకం బజారులో దొరుకుతుంది గానీ, కదిలే పళ్లున్నవాళ్లకు, చిగుళ్ల జబ్బున్నవాళ్లకు, దవడ కీలు నొప్పి ఉన్నవాళ్లకు అది కొత్త బాధ. పూర్తిగా కట్టుడు పళ్లున్నవాళ్లకు పట్టు దొరకదు. కట్టుడు పళ్లు రాత్రి తీసి నీళ్లలో వేయడమే చిగుళ్లకు మంచిది. తీస్తే గురక పెరుగుతున్నట్టు డైరీలో కనిపిస్తే డెంటిస్టుకు చెప్పండి.

నోటికి టేపు అంటించుకునే వీడియోలు చూసి పెద్దవాళ్ల మీద ప్రయోగం చేయకండి. ముక్కు మూసుకుపోయిన మనిషికి, వాంతి వచ్చే మనిషికి నోరు మూసేయడం ప్రమాదం. గడ్డం పట్టీకీ అదే అభ్యంతరం. అయస్కాంతం క్లిప్పులకు ఆధారం లేదు. ముక్కులో నెయ్యి, నూనె చుక్కలు వేసి పడుకోబెట్టడం మనకు అలవాటే. పెద్దవాళ్లలో ఆ నూనె తెలీకుండా ఊపిరితిత్తుల్లోకి జారి, మామూలు మందులకు లొంగని ఒక రకం న్యుమోనియా రావచ్చు. దాన్ని మానేయడమే మేలు.

మూడు నెలలకూ డైరీలో అంకె దిగకపోతే

అప్పుడు నిద్ర పరీక్ష. ఊపిరి ఆగే గుర్తులుంటే మాత్రం మూడు నెలలు ఆగక్కర్లేదు, మొదట్లోనే. చెవి-ముక్కు-గొంతు డాక్టరు గానీ ఊపిరితిత్తుల డాక్టరు గానీ రాస్తారు. ఆస్పత్రిలో ఒక రాత్రి పడుకుని చేయించుకోవచ్చు. ఇంటికే పరికరం పంపే పద్ధతి కూడా హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి ఊళ్లలో ఉంది. గుండె వైఫల్యం, పక్షవాతం, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లకు ఆస్పత్రి పరీక్షే సరైనది. గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగింది లేక బాగా తగ్గింది అన్న లెక్క వస్తుంది. 5 నుంచి 15 లోపు తేలిక, 15 నుంచి 30 మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. మీ డైరీ, ఫోన్ రికార్డింగ్ వెంట తీసుకెళ్లండి, డాక్టరుకు చాలా పని తప్పుతుంది.

సీప్యాప్ యంత్రం రాస్తే భయపడకండి. 1981లో సిడ్నీ డాక్టరు కాలిన్ సల్లివాన్ బృందం లోకానికి ప్రకటించిన పద్ధతి ఇది: మాస్కులోంచి కాస్త ఒత్తిడితో గాలి పంపి గొంతు దారి మూసుకోకుండా ఆపడం. పెద్దవాళ్లు మొదటి వారంలోనే విసుగొచ్చి పక్కన పడేస్తారు. సాయంత్రం టీవీ చూసేటప్పుడు అరగంట మాస్కు పెట్టుకుని కూర్చోవడం అలవాటు చేస్తే రాత్రి కొత్తగా ఉండదు. కట్టుడు పళ్లు తీసినప్పుడు ముఖం ఆకారం మారి గాలి లీకవుతుంది కాబట్టి, మాస్కు కొలత పళ్లు తీసి పడుకునే స్థితిలోనే చూడాలి. తేమ పెట్టెలో డిస్టిల్డ్ వాటర్ పోయాలి, మాస్కు రోజూ సబ్బు నీళ్లతో కడగాలి. కరెంటు పోయే ఊళ్లో ఇన్వర్టర్ లైనుకు కలపాలి.

మోకాలు మార్పిడి, హెర్నియా, ఇంకే ఆపరేషన్ కుదిరినా, గట్టి గురక ఉందన్న సంగతి మత్తు డాక్టరుకు ముందుగానే చెప్పండి, అడిగినా అడక్కపోయినా. మత్తు మందులు, నొప్పి ఇంజెక్షన్లు గొంతును బాగా సడలిస్తాయి కాబట్టి ఆపరేషన్ అయిన రాత్రి ఆక్సిజన్ మీద ఒక కన్నేసి ఉంచుతారు. సీప్యాప్ వాడుతున్న మనిషైతే యంత్రం, మాస్కు కూడా ఆస్పత్రి సంచిలో సర్దాలి.